షాఫ్ట్ మీద ఉలి గాట్లు

మా బాపు ఎవరినీ నమ్మేవాడు కాదు. తప్పు పట్టి చెప్పడం లేదు, ఆయన పని అలాంటిది. మాది నేత ఇల్లు. సేటు దగ్గర నూలు తెచ్చుకుని అద్దకానికి పంపితే, మంచి నూలు పోయి పిసికితే తెగే నూలు తిరిగొచ్చేది. అందుకని బాపు ప్రతి కట్ట లోపల, పైకి కనపడని చోట, దారంతో ఒక చిన్న ముడి వేసేవాడు. కట్ట తిరిగి రాగానే అన్నం కూడా తినకుండా వాకిట్లో కూర్చుని ఆ ముడి వెతికేవాడు. "గుర్తు పెట్టు, పెట్టినట్టు మాత్రం ఎవ్వలకు చెప్పకు. చెప్తే గది గుర్తే గాదు," అని నాకు చిన్నప్పుడే నూరిపోశాడు.

నేను మగ్గం మీద కూర్చోలేదు. ఇరవై ఏళ్లు నిండకముందే లారీ ఎక్కాను. మగ్గం వదిలినా బాపు బుద్ధి నన్ను వదల్లేదు. హోటల్లో చెప్పులు విప్పితే ఒకటి ఈ మూల, ఇంకొకటి ఆ మూల విప్పేవాణ్ణి, ఎవడూ జత ఎత్తుకుపోకుండా. నా భార్య నవ్వేది. "నిన్ను నువ్వన్న నమ్ముతవా?" అని అడిగేది. నమ్ముతాననే అనుకునేవాణ్ణి.

ఎనభైల మొదట్లో మెట్‌పల్లిలో ఒక పాత మిలిటరీ బండి కొన్నాను. చిన్న ట్రక్కు, నాలుగు చక్రాలూ తిరిగేది. అప్పటికే మూడు చేతులు మారింది. దానికి ఇంజను పని చేసిపెట్టింది అక్కడి ఒక ముసలి మిస్త్రీ, ఆ చుట్టుపక్కల అందరూ ఉస్తాద్ అనేవాళ్లు. నేను బండి తెచ్చుకున్న కొన్నాళ్లకే ఆయన చనిపోయాడు. బండిని ఉట్నూర్‌కు తోలుకొచ్చి, సంత జరిగే అంగడి రోజుల్లో అడవి ఊళ్లకు ఉప్పు, నూనె, కిరాణా, మనుషులను మోయడం మొదలుపెట్టాను.

ఆ రోజుల్లో ఉట్నూర్ జీపుల అడ్డా పక్కన నాలుగు రేకుల షెడ్డులో ఒక మిస్త్రీ ఉండేవాడు. అంతకుముందు బండి చెడిపోతే మంచిర్యాలకో ఆదిలాబాద్‌కో కట్టి లాక్కుపోవాల్సిందే. ఈయన మెట్‌పల్లి ఉస్తాద్ దగ్గరే పని నేర్చి, పెళ్లాన్ని వెంటబెట్టుకుని వచ్చి, సొంతంగా ఆ షెడ్డు వేసుకున్నాడు. వేరే ఆధారం లేదు. షెడ్డు ఉంటే ఆయన మిస్త్రీ, లేకపోతే ఇంకొకడి షెడ్డులో కూలి. ఆ షెడ్డు నిలవడమా పోవడమా అన్నది ఒకనాడు నా నోటి మీదికి వచ్చింది. అందుకే ఇదంతా రాస్తున్నాను.

మిస్త్రీ నాకంటే పదేళ్లు పెద్ద. నన్ను "తమ్మీ" అనేవాడు, నేను "అన్నా" అనేవాణ్ణి. వాగుల్లో రాళ్లకు బండి కడుపు తగులుతోందని మొత్తుకుంటే, లారీ కమాను పట్టీలు పక్కకు మూడేసి ఎక్కించి బండిని జానెడు పైకి లేపాడు. అడ్డాలో జీపు డ్రైవర్లు చూసి ఒకటే నవ్వు. "గిది బండా, మంచెనా? నిచ్చెన గూడ ఇస్తవా?" అని ఏడిపించారు. నాకు మాత్రం ఏనుగెక్కినట్టే ఉండేది.

అయితే బండి లేచింది గానీ షాఫ్ట్ చాల్లేదు. షాఫ్ట్ అంటే ఇంజను తిరుగుడును వెనక చక్రాలకు చేర్చే పొడుగాటి ఇనుప గొట్టం. అది రెండు ముక్కలు. ఒక ముక్క కొసన పొడుగునా పళ్లుంటాయి. ఆ కొస రెండో ముక్క బొంగులోకి దూరి, బండి ఎగిరినప్పుడల్లా కొంచెం ముందుకూ వెనక్కూ జారుతుంది. షాఫ్ట్ రెండు చివర్లా చెవుల్లాంటివి రెండేసి ఉంటాయి, వాటికి క్రాసులు, అంటే కూడిక గుర్తులాంటి ఇనుప కీళ్లు, బిగిస్తారు. బండిని పైకి లేపేసరికి దూరం పెరిగి, పళ్లు బొంగులో కొసకొసన మాత్రమే పట్టుకున్నాయి. "ఒక్క పెద్ద గుంతల వడితే ఊడిపోతది. మంచిర్యాల లేత్‌ల నాలుగేండ్లంత గొట్టం అతికియ్యాలె," అన్నాడు మిస్త్రీ. నాలుగు వేళ్లంత అని.

సరే అన్నాను. కానీ అంతకు రెండు రోజుల ముందే ఒక జీపు డ్రైవర్ నా చెవిలో విషం పోశాడు. "మిలిటరీ ఇనుము తమ్మీ అది, గసొంటిది ఇప్పుడు దొరకది. నువ్వు ఇచ్చిందే నీకు తిరిగొస్తదని ఏం నమ్మకం?" అన్నాడు. అంతే. ఆ మాట కడుపులో పడ్డాక నాకు మిస్త్రీ చేసేదంతా అనుమానంగానే కనిపించింది. ఆయన షాఫ్ట్ విప్పి గోనెపట్టా మీద పెట్టి దాని వైపు రెండుసార్లు చూస్తే, కొనేవాడు చూసినట్టు చూస్తున్నాడనుకున్నాను. "రేపు నేనే మంచిర్యాలకు తీస్కపోత, నీకెందుకు తిప్పలు," అంటే, అబ్బో, ఎంత ప్రేమ, అనుకున్నాను.

మధ్యాహ్నం ఆయన బువ్వ తినడానికి ఇంటికి పోయాడు. నేను షాఫ్ట్ దగ్గర కూర్చున్నాను. రెండు ముక్కల్లో ఏది మార్చినా పట్టుకోవాలి కదా. అందుకని బొంగులోంచి పళ్ల ముక్కను బయటికి లాగాను. ఆయన సుత్తె, ఆయన ఉలి తీసుకుని, పళ్ల ముక్క మెడ మీద రెండు చిన్న గాట్లు కొట్టాను. బొంగు అంచు మీద ఇంకో రెండు కొట్టాను. ఎక్కడ చదునుగా ఉంటే అక్కడ, అంతకుమించి ఆలోచనేమీ లేదు. కొత్త మెరుపు పోయేట్టు మీద మసినూనె, మట్టి రుద్దాను. బాపు చూస్తే మెచ్చుకునేవాడే!

మిస్త్రీ తిరిగొచ్చి రెండు ముక్కలూ విడిగా ఉండటం చూసి మొహం చిట్లించాడు.

"ఎందుకు గుంజినవ్? నేను గుర్తు పెట్టకముందే."

"మట్టి తుడుద్దామని అన్నా."

ఆయన కిరసనాయిల్ గుడ్డ తీసుకుని తుడుస్తుంటే గాట్లు బయటపడ్డాయి.

"ఓహో, గుర్తు ఉన్నదే ఉన్నది. ఎవలు పెట్టిండ్రు గిది?"

షాఫ్ట్ విప్పే ముందు మిస్త్రీలు రెండు ముక్కల మీదా ఎదురెదురుగా గుర్తు పెట్టుకుంటారనీ, మళ్లీ ఆ గుర్తులు కలిపే బిగిస్తారనీ నాకు తెలియక కాదు. లారీల మీద పుట్టి పెరిగినట్టే ఉన్నవాణ్ణి, ఎన్నిసార్లు చూడలేదు! కానీ ఆ క్షణం నా బుర్రలో ఒక్కటే తిరుగుతోంది: నేను పెట్టానంటే, నువ్వు దొంగవని మొహం మీద అన్నట్టే. అందుకని నోటికొచ్చిన పేరు చెప్పాను.

"మెట్‌పల్లి ఉస్తాద్ పెట్టిండు."

ఆయన గాట్ల మీద బొటనవేలు పెట్టి చూశాడు. "ఉస్తాద్ ఒక్క గీతనే పెడ్తుండె. గివి రెండున్నయ్."

"ఏమో అన్నా. నా ముందటనే పెట్టిండు."

అబద్ధం ఒకటి చెప్పాక రెండోది ఎంత సులువుగా వస్తుందో! ఆయన తల ఊపాడు. గుడ్డ చివర తిప్పి ఆ గాట్లను మళ్లీ తుడిచాడు, ఈసారి నెమ్మదిగా. "ఉస్తాద్ చెయ్యి," అన్నాడు.

రెండో రోజు లేత్ నుంచి షాఫ్ట్ వచ్చింది. నేను ముందు గాట్లు వెతికాను. నాలుగూ ఉన్నాయి. అయినా నిమ్మళం లేదు, కొత్తగా అతికిన గొట్టం పాతదేమోనని గోటితో గీకి చూశాను. మిస్త్రీ బండి కింద వెల్లకిలా పడుకుని, గాటుకు గాటు కలిపి, పళ్లు తోసి, క్రాసులు ఎక్కించి, బోల్టులు బిగించాడు. మధ్యలో ఒకసారి ఆగాడు.

"చెవులు జర వంకరగ కనవడ్తున్నయ్ తమ్మీ."

"ఇన్ని దినాలు మంచిగనే నడిచింది గదా అన్నా."

"గదీ నిజమే. గీ గుర్తు మీద నడిచిన బండి. ఉస్తాద్ పెట్టిండంటే ఏదో లెక్క ఉంటది. నేనెందుకు చెయ్యి వెట్టాలె."

బండి తీసి రోడ్డెక్కాను. కొంచెం వేగం అందుకోగానే కాళ్ల కింద రేకు గుర్రుమనడం మొదలైంది. ఇంకొంచెం తొక్కితే పళ్లు కటకటలాడాయి. ఏం చేశాడు వీడు నా బండిని! వెనక్కి తిప్పాను.

ఆ నెలలో మూడుసార్లు విప్పాడు పాపం. గొట్టం వంకర పోయిందేమోనని ఆ ముక్క ఒక్కటే లేత్‌కు మళ్లీ పంపించాడు. క్రాసులు మార్చాడు. గేర్‌బాక్స్ కింద రబ్బరు మార్చాడు. ప్రతిసారీ అన్నీ మార్చి, చివరికి గాటుకు గాటు కలిపే బిగించాడు. గాట్లు తప్పయి ఉండవచ్చని ఆయనకు తట్టలేదు, తట్టనివ్వనిది నేనే గదా. నాకూ తట్టలేదు. నిజంగా తట్టలేదు, నమ్మితే నమ్మండి. నా బుద్ధంతా ఇంకో చోట ఉంది. షాఫ్ట్ మార్చలేదు సరే, మరి కొత్త క్రాసులని పాతవే గ్రీసు పూసి పెట్టాడా? మూడోసారికి నేను "అన్నా" అనడం మానేశాను. ఆయన "తమ్మీ" అనడం మానలేదు.

అడ్డా దగ్గర చాయ్ తాగుతూ నేను ఊరుకోలేదు. "పని రాదా, సామాను కొడ్తుండా, ఏందో సమజైతలేదు," అని నలుగురూ వినేట్టు అన్నాను. ఆ మాటలు షెడ్డు దాకా పోయే ఉంటాయి, ఎన్ని అడుగులని!

ఒక అంగడి రోజు పొద్దున, ఉప్పు బస్తాలతో, పది పన్నెండు మంది మనుషులతో గుట్ట ఎక్కుతున్నాను. సగం ఎక్కానో లేదో కింద ఫెళ్లుమంది. క్రాస్ విరిగి, ఒక చెవి తెగి, షాఫ్ట్ రోడ్డు మీద పడింది. బండి వెనక్కి జారింది. బ్రేకు తొక్కి పట్టినా ఆగలేదు, జారి జారి ఒక టేకు మోడుకు ఆనుకుని ఆగింది. ఒక గోండు ముసలవ్వ కింద పడి మణికట్టు విరిగింది. నా తువ్వాలుతో చెయ్యి కట్టాను. ఆమె ఏడవలేదు, నన్ను తిట్టలేదు. నాకే ముడి సరిగా పడలేదు.

మర్నాడు పొద్దున్నే షాఫ్ట్ తెచ్చి షెడ్డు ముందు ధడేలున పడేశాను. అడ్డాలో డ్రైవర్లంతా మూగారు.

"గిదా నీ పని? ముసల్దాని చెయ్యి పోయింది. జర అటు ఇటు అయితే పది పానాలు పోతుండె. నా సామాను ఏం చేసినవో గీ మంది ముందట చెప్పు!"

ఆయన గొంతుక్కూర్చున్నాడు. షాఫ్ట్‌ను ఎండలోకి తిప్పాడు. ఈ కొస నుంచి ఆ కొసకు ఒంటికన్నుతో చూశాడు. మళ్లీ ఆ కొస నుంచి ఈ కొసకు చూశాడు. గాట్ల మీద బొటనవేలు పెట్టి అలాగే ఉండిపోయాడు. తర్వాత తలెత్తి నా వైపు చూశాడు. నోరు తెరిచాడు. ఏదో అనబోయాడు.

అనలేదు. నోరు మూసుకుని, షాఫ్ట్ కింద పెట్టి, చేతులు గుడ్డకు తుడుచుకున్నాడు.

"నాదే తప్పు," అన్నాడు.

"ఇన్నరా!" అని నేను డ్రైవర్ల వైపు తిరిగాను. గెలిచినట్టే అనిపించింది. ఆ రోజు నుంచి ఒక్క జీపు కూడా ఆ షెడ్డు ముందు ఆగలేదు.

విరిగిన చెవి అతికించడానికి షాఫ్ట్‌ను నేనే మంచిర్యాలకు మోసుకుపోయాను. లేత్ ఆయన పని ముగించి, రెండు ముక్కలూ కలిపి నేల మీద పెట్టి పకపకా నవ్వాడు.

"గీ గాట్లు చూసుకుంట బిగిచ్చిండ్రా ఏంది? ఏ పిచ్చోడు కొట్టిండు గివి? ఈ కొస చెవులు, ఆ కొస చెవులు సూటిగ ఒక్క తీరుగ రావాలె. గాటుకు గాటు కలిపితె పండ్లు తప్పుతున్నయ్ చూడు. గిట్ల బిగిస్తే ఏ షాఫ్ట్ అయినా కొట్టుకోని చస్తది. అండ్ల మల్ల ఎత్తు బండి."

ముక్కను బయటికి లాగి, కొంచెం తిప్పి, మళ్లీ తోశాడు. అంతే పని. అంతే!

"ఎవలు కొట్టిండ్రు?" అని మళ్లీ అడిగాడు. "ఏమో," అన్నాను.

బండి నున్నగా నడిచింది. కాళ్ల కింద రేకు చప్పుడే లేదు. ఆ నిశ్శబ్దం నన్ను చంపింది. "మంచిర్యాలోడు ఒక్కసారికే బాగు చేసిండు చూడు," అని అడ్డాలో అంటుంటే తల ఊపాను. అవును, ఊపాను. అప్పటికింకా షెడ్డు ఉంది. మిస్త్రీ రోజూ వచ్చి రేకు తలుపు తీసి, పానాలు, సుత్తెలు తుడుచుకుని, సాయంత్రం మూసుకుని పోతున్నాడు. నేను ఒక్క మాట అంటే చాలు, మళ్లీ జీపులు వచ్చేవి. రెండుసార్లు పోయాను చెబుదామని. ఒకసారి ఆయన పెళ్లాం సద్ది తెచ్చి పెడుతోంది, వెనక్కి తిరిగాను. రెండోసారి ఎవరూ లేరు, ఆయన ఒక్కడే. "ఏంది తమ్మీ?" అన్నాడు. "ఏం లే, గ్రీసు ఉందా?" అని అడిగాను. ఇచ్చాడు. థూ, నా బతుకు!

వానలు పడకముందే ఒక అంగడి నుంచి తిరిగొచ్చి చూస్తే షెడ్డు లేదు. రేకులు విప్పుకుని లారీలో వేసుకుని పోయాడని చెప్పారు. నేల మీద నూనె మరక ఒక్కటే ఉంది. ఇంటికి పోయి నా భార్యకు అంతా చెప్పాను. ఆమె నవ్వలేదు. "గాయన ఏడున్నడో దేవులాడు," అంది. వెతకలేదు. ఎక్కడ కనపడతాడోనని మెట్‌పల్లి వైపు కిరాయిలు కూడా మానుకున్నాను.

చాలా ఏళ్లు గడిచాయి. బండి అమ్మేశాను. తొంభైలలో ఒకసారి కరీంనగర్‌లో పని పడి, బస్టాండు వెనక లారీ షెడ్ల సందులోంచి నడుస్తుంటే ఆయన కనిపించాడు. వేరే వాళ్ల షెడ్డు. నెత్తి నెరిసింది. నేల మీద ఒక షాఫ్ట్ పెట్టుకుని ఆకురాయితో అరగదీస్తున్నాడు. పారిపోవాలనిపించింది. అయినా దగ్గరికే పోయాను.

"అన్నా," అన్నాను. ఎన్నేళ్లకు ఆ మాట!

చూశాడు. గుర్తు పట్టాడు. "తమ్మీ! బండి ఉన్నదా?"

"అమ్మిన."

"షాఫ్ట్ మంచిగనే నడిచిందా తర్వాత?"

అలా అడిగేసరికి ఇంక ఆగలేకపోయాను. అక్కడే గొంతుక్కూర్చుని అంతా చెప్పేశాను. బాపు ముడి, సుత్తె, ఉలి, ఉస్తాద్ పేరు మీద చెప్పిన అబద్ధం, లేత్ దగ్గర నాకు తెలిసిన సంగతి, గ్రీసు అడిగిన రోజు. ఆయన ఆకురాయి ఆపి విన్నాడు. కొడతాడనుకున్నాను. కొడితే బాగుండుననుకున్నాను.

"గా గాట్లు ఉస్తాద్‌వి గావు," అన్నాడు చివరికి.

"కావు అన్నా. నావే."

"నువ్వు షాఫ్ట్ తెచ్చి వడేసినప్పుడే ఎండల చూసిన. చెవులు తప్పినయ్. గాట్లే తప్పని గప్పుడే ఎరుకైంది. చెప్పుదామని నోటి దాక వచ్చింది. చెప్తే ఏమైతుండె? ఉస్తాద్‌కు పని రాదని గంత మంది ముందట నేను చెప్పినట్టు గాదా? గాయన సచ్చి యాడాది గూడ గాలే అప్పటికి. నా పేరు పోతె పోనీ అనుకున్న."

ఆ రోజు ఆయన నోరు మూసుకుంటే దొంగ దొరికాడని నేను సంబరపడ్డాను.

"నీ షెడ్డు నేనే పోగొట్టిన అన్నా," అన్నాను.

"షెడ్డు ముచ్చట ఇడువు." మొదటిసారి గొంతు పెరిగింది. "షెడ్డుకు నేను ఏడ్వలే. నాకు అన్నం వెట్టిన మనిషి తప్పు గుర్తు వెట్టిండని నమ్మిన నేను! ఇన్నేండ్లు నమ్మిన. గాయన గీత ఉన్న బండి ఏది వచ్చినా, గది కరెక్టా కాదా అని గూడ చూడలే. ఒక్కసారి తప్పిండు గదా, ఇంకోసారి తప్పడా అని. ఆకురాయి తీస్కోని అరగదీసి నా గుర్తు వెట్టిన. మెట్‌పల్లి బండ్లు, కోరుట్ల బండ్లు... ఎన్నని చెప్పాలె? గాయన చేతిది ఏమన్న మిగిలింది అంటే గా గీతలే ఉండె."

కింద పెట్టుకున్న షాఫ్ట్ వైపు అప్పుడు చూశాడు. నేనూ చూశాను. మెడ మీద ఒక చోట ఇనుము తాజాగా తెల్లగా మెరుస్తోంది. పక్కన పొడి రాలి ఉంది. ఆయన ఆకురాయి అవతల పెట్టి, ఆ మెరిసే చోట బొటనవేలు ఆనించి అటూ ఇటూ తడిమాడు. వంగి చూశాడు. ఎండకు తిప్పి మళ్లీ తడిమాడు.

"గిప్పుడే అయిపాయె," అన్నాడు. "నువ్వు జరంత ముందుగాల రావద్దా తమ్మీ?"